గల్లాపెట్టె దగ్గరా, పొయ్యి దగ్గరా: వలస హోటళ్ల చర్చ ఎక్కడిదాకా వచ్చింది

"బెంగళూరులో మెస్ పెట్టాడంట" అన్న మాటకు దర్శి, పొదిలి, కురిచేడు వైపు మెట్ట ఊళ్లలో రెండు అర్థాలున్నాయి. మిరపకాయ రేటు పలికిన ఏడు అది ఎదిగిన కబురు. రేటు పడిన ఏడు ఊరు విడిచిన కబురు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. ఆ ఏడు విన్న కబురు రెండో రకంది.

ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్నలో చిక్కు కూడా అక్కడే ఉంది. సొంత ఊరు వదిలి, తనవాళ్లు ఎక్కువగా కాపురమున్న పేట చూసుకుని, అక్కడ తన వంట అమ్ముకునే వ్యాపారం వలసవచ్చినవాడికి నిచ్చెనా, ఉచ్చా? సమాజశాస్త్రజ్ఞులు యాభై ఏళ్లుగా దీనిమీద తగువాడుకుంటున్నారు. ఆ తగువంతా న్యూయార్క్ చైనాటౌన్, మయామీలో క్యూబన్ల పేట, లండన్ బ్రిక్ లేన్ చుట్టూనే తిరిగింది. తెలుగువాళ్ల అనుభవాన్ని తెచ్చి పక్కన పెడితే కొన్ని ముడులు విడతాయి, కొన్ని కొత్తవి పడతాయి.

ముందు మన దగ్గరికి వచ్చినవాళ్లు

వలస హోటల్ అనగానే మనకు అమెరికా గుర్తొస్తుంది. నిజానికి తెలుగునేల ఈ వ్యాపారాన్ని ముందు చూసింది ఆతిథ్యం ఇచ్చే వైపు నుంచి. హైదరాబాద్ ఇరానీ హోటళ్లు పెట్టింది పర్షియా నుంచి, చాలావరకు బొంబాయి మీదుగా వచ్చినవాళ్లు. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. సికింద్రాబాద్ ప్యారడైజ్ 1953లో సినిమాహాలును ఆనుకున్న చిన్న కెఫేగా మొదలైంది. విచిత్రమేమంటే వీళ్లు అమ్మింది ఇరాన్ భోజనం కాదు. చాయ్, ఉస్మానియా బిస్కెట్, తర్వాత్తర్వాత బిర్యానీ, అన్నీ స్థానికుల నాలుకకు తగ్గవే. వాళ్లకంటూ ఒక ఇరానీ పేట కూడా లేదు. నాలుగు రోడ్ల కూడలిలో మూలమలుపు మడిగ దొరికితే చాలు, అక్కడ పొయ్యి వెలిగేది. నిజాం కొలువులో సైనికులుగా వచ్చిన హద్రమౌత్ అరబ్బుల సంగతి దీనికి పూర్తి తిరగేత. వాళ్ల బ్యారక్సే బార్కస్ పేట అయింది. ఆ పేటకే పరిమితమైన మండీ అనే అన్నం-మాంసం వంటకం చాలా కాలానికి గానీ ఊరంతటికీ పాకలేదు.

కోస్తా పట్టణాలకు ఉడిపివాళ్లు వచ్చారు. కె. కృష్ణారావు 1938లో మద్రాసులో వుడ్‌ల్యాండ్స్ పెట్టేనాటికే కన్నడ తీరపు వంటవాళ్లు దక్షిణాదిన చాలా ఊళ్లకు చేరుకున్నారు. ఇడ్లీ, దోశెలతోపాటు వీళ్లు ఇంకొకటి కూడా అమ్మారు. ఎవరు వండారో తెలియకుండా తినడానికి జనం జంకే కాలంలో 'వండింది బ్రాహ్మడే' అన్న భరోసా అది. మన ఊళ్లలో 'బ్రాహ్మణ భోజన హోటల్' బోర్డులు ఎన్నో ఏళ్లు వేలాడింది అందుకే. మాంసం వండే చోటికి మిలిటరీ హోటల్ అని వేరే పేరు పెట్టాల్సి వచ్చిందీ అందుకే. పాశ్చాత్య సిద్ధాంతాలు 'జాతి' అన్న ఒక్క గీత గీసుకుని మొదలవుతాయి. మన దగ్గర ఆ గీత లోపల కులం గీత మరొకటి ఉంది. దాన్ని వదిలేస్తే ఈ కథ సగమే తెలుస్తుంది.

తర్వాత మనం వెళ్లిన దారులు

1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా దర్శి నెల్లూరు జిల్లాలోది. ఆ వైపువాళ్లకు పట్నం అంటే చెన్నపట్నమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకూ కచేరీలు, హైకోర్టు, పెద్ద కాలేజీలు అన్నీ అక్కడే. సినిమా అయితే ఆ తర్వాతా చాలా కాలం కోడంబాకం వదల్లేదు. ఇల్లు దూరమై, ఒంటరిగా గది అద్దెకు తీసుకున్న మగవాడి ఆకలి మీద పుట్టింది ఆంధ్రా మెస్. నెలవారీ టిక్కెట్ల పుస్తకం, ముద్దపప్పు, గోంగూర, చారు, గడ్డపెరుగు, ఎంత అడిగితే అంత అన్నం. ఈ కొలతలు హైదరాబాద్ అమీర్‌పేట, కూకట్‌పల్లి దాకా, అక్కడి నుంచి బెంగళూరు మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ దాకా పెద్దగా మారకుండానే ప్రయాణం చేశాయి. హైదరాబాద్‌లో దీనికి ఒక చెల్లెలు పుట్టింది. దాని పేరు కర్రీ పాయింట్. అన్నం మీరు వండుకోండి, కూర మా దగ్గర పట్టుకెళ్లండి అన్న లెక్క. ఇద్దరూ ఉద్యోగానికి వెళ్లే ఇంటికీ, వంటరాని కుర్రాళ్ల గదికీ అది సరిగ్గా సరిపోయింది.

బెంగళూరులో ఇంకో రకం కూడా ఎదిగింది. నాగార్జున రెసిడెన్సీ రోడ్డులో 1984లో వచ్చింది, నందిని 1989లో. అరిటాకు, కందిపొడి, నెయ్యి, కారం దట్టించిన వేపుళ్లు. ఇక్కడికి తెలుగువాళ్ల కంటే మించి కన్నడిగులూ, ఉత్తరాది ఉద్యోగులూ వచ్చారు. 1985 నుంచి నందిని పేరుతో పాలు అమ్ముతున్న కర్ణాటక పాల సమాఖ్య ఆ హోటల్ పేరు మీద అభ్యంతరం చెప్పింది. తగువు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. పాలు వేరు, భోజనం వేరు అని 2018 జులై 26న తీర్పు హోటల్‌కు అనుకూలంగా వచ్చింది. ఒక ఆంధ్రా భోజనం హోటల్ రాష్ట్రం పెంచిన బ్రాండుతో సమానంగా కోర్టులో నిలబడేంత ఎదిగిందంటే, అది పేట దాటిన వ్యాపారమన్నమాట. పక్కవీధిలో పీజీ హాస్టల్ వంటగది మాత్రం పేట గడప దాటదు. రెండింటినీ 'ఆంధ్రా హోటల్' అన్న ఒక్క గాటన కట్టడం దగ్గరే చాలా చర్చలు దారి తప్పుతున్నాయి.

నాలుగు వాదాలు

మొదటి వాదం సంస్కృతిది. ఐవన్ లైట్ 1972లో రాసిన పుస్తకంలో అమెరికాలోని చైనీయులకూ జపనీయులకూ చిన్న దుకాణాలు ఎక్కువెందుకున్నాయని అడిగాడు. ఆయన ఇచ్చిన జవాబు మనకు కొత్త కాదు: చీటీలు. బ్యాంకు గడప తొక్కనివ్వనివాడికి తనవాళ్లు నెలనెలా వేసే చీటీపాటే పెట్టుబడి. మరుసటి ఏడు, 1973లో, ఎడ్నా బొనాసిచ్ ఇంకో మెలిక పెట్టింది. ఎప్పటికైనా తిరిగి వెళ్లిపోదామనుకునేవాడు తేలిగ్గా చేతికి నగదు వచ్చే వ్యాపారంలోకి దిగుతాడు, తనవాళ్లతో గట్టిగా అంటుకుని ఉంటాడు, అందుకే ఊరివాళ్లకు కంటగింపు అవుతాడు అంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో హైదరాబాద్ వీధుల్లో బిర్యానీ రుచి మీద కూడా రాజకీయం నడిచిన సంగతి గుర్తున్నవాళ్లకు ఆమె మాటలో బలం కనపడుతుంది. అయితే కూకట్‌పల్లి మెస్‌వాడు తిరిగి వెళ్లడానికి రాలేదు. స్థలం కొన్నాడు, పిల్లల్ని అక్కడే చదివించాడు. బొనాసిచ్ లెక్క అక్కడ తప్పుతుంది.

రెండో వాదం పేటది. మయామీ క్యూబన్ల మీద 1980లో కెన్నెత్ విల్సన్, అలెహాండ్రో పోర్టెస్ రాసిన పరిశోధన దీనికి మూలం. తనవాళ్ల దగ్గర పనిచేసే వలసకూలీకి బయటి చిల్లర ఉద్యోగాలకంటే మేలు జరుగుతుంది, ఇవాళ సప్లయరుగా ఉన్నవాడు రేపు సొంతంగా పెట్టుకుంటాడు అన్నది దాని సారాంశం. ఏడేళ్లకు, 1987లో, జిమీ సాండర్స్, విక్టర్ నీ ఎదురు లెక్క తీశారు. ఆ మేలు యజమానులకు నిజమే గానీ పనివాళ్లకు కాదన్నారు. యాభై ఏళ్ల చర్చలో ఇంతకంటే పదునైన మాట ఇంకొకటి లేదని నా అభిప్రాయం. దానికి మళ్లీ వస్తాను.

మూడో వాదం చట్టానిది. 1999లో క్లోస్టర్‌మన్, ఫాన్ డెర్ లెయున్, యాన్ రాత్ అనే డచ్ పరిశోధకులు వలసవ్యాపారి అతని చుట్టాల మీదే కాక ఊరి అద్దెల మీద, లైసెన్సుల మీద, వీసాల మీద కూడా నిలబడి ఉంటాడని చెప్పారు. దీనికి ఉదాహరణ వాళ్లు రాయకముందే ఎనభై ఏళ్ల నుంచీ ఉంది. అమెరికా 1882లో చైనా కూలీల రాకను నిషేధించింది. వర్తకులను మాత్రం రానిచ్చేది. 1915లో ఒక కోర్టు తీర్పు హోటల్ యజమానిని కూడా వర్తకుడిగా లెక్కించింది. ఆ తర్వాత న్యూయార్క్‌లో చైనా హోటళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. నూడుల్స్ రుచి ఒక్కరాత్రిలో పెరిగి కాదు, వీసా సందు దొరికి.

నాలుగోది రుచి వాదం. కృష్ణేందు రే 2016లో రాసిన 'ది ఎత్నిక్ రెస్టరేటర్' దీనికి ఆధారం. ఏ దేశపు వంటకు ఎంత ధర పలకాలన్నది ఆ దేశం నుంచి వచ్చేవాళ్ల హోదాను బట్టి ఉంటుంది. పేదలుగా వచ్చినంతకాలం వాళ్ల వంట చవకగానే ఉండాలని జనం ఆశిస్తారు అంటాడు ఆయన. పేరు ఎంచుకోవడం ఇందులో పెద్ద ఆట. లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో 1926లో 'వీరాస్వామి' హోటల్ పెట్టిన ఎడ్వర్డ్ పామర్, హైదరాబాద్‌లో నిజాములకు అప్పులిచ్చిన పామర్ల వంశంవాడే. బ్రిటన్‌లో 'ఇండియన్' బోర్డుల వెనక పొయ్యి దగ్గరున్నది చాలాచోట్ల సిల్హెట్ నుంచి వచ్చిన బంగ్లాదేశీలు. అమెరికాలో 'బావర్చి', 'ప్యారడైజ్', 'హైదరాబాద్' పేర్లతో బిర్యానీ వడ్డించేవాళ్లలో కోస్తావాళ్లకు కొదవలేదు. 'గోదావరి' లాంటి పేర్లు ఆ తర్వాతివి. జిల్లా పేరు చెబితే గుర్తుపట్టే గిరాకీ పెరిగాక వచ్చినవి. మిరపకాయకైనా ఇదే గతి. దర్శి చేలో పండి గుంటూరు యార్డుకు చేరిన కాయ గుంటూరు కాయగానే ఓడ ఎక్కుతుంది. దర్శి మనిషి హైదరాబాద్ బిర్యానీవాడిగా విమానం దిగుతాడు.

ఈ నాలుగు వాదాల్నీ ఒకే హోటల్లోకి తీసుకెళ్లి నిలబెడితే తేడా తెలుస్తుంది. లైట్ గల్లాపెట్టె తెరిచి పెట్టుబడి ఎక్కడిదని అడుగుతాడు. పోర్టెస్ పనివాళ్ల గదిలోకి వెళ్లి, వీళ్లలో రేపటి యజమాని ఎవరని వెతుకుతాడు. డచ్‌వాళ్లు గోడకు వేలాడే లైసెన్సు చదువుతారు. రే మెనూ కార్డు పట్టుకుని ధరలు చూస్తాడు. పొయ్యి దగ్గర వంటమాస్టర్‌ను జీతమెంతని అడిగింది సాండర్స్, నీ ఇద్దరే.

పెట్టుబడి పేటది కాదు

తెలుగు అనుభవం మొదటి రెండు వాదాలనూ ఒక విషయంలో సవరిస్తుంది. పేటలో పోగైన డబ్బుతో పేటలో హోటల్ లేచిందన్నది చైనాటౌన్ కథ. మన కథలో డబ్బు ఊరి నుంచి నడిచి వస్తుంది. 1988లో కేరల్ ఉపాధ్య కోస్తా ఆంధ్ర 'రైతు పెట్టుబడిదారుల' గురించి రాసిన వ్యాసం దీనికి మంచి దారిదీపం. హరితవిప్లవపు మిగులు వ్యవసాయం దాటి పట్టణ వ్యాపారంలోకి ఎలా మళ్లిందో ఆమె చూపింది. ఎకరం అమ్మిన డబ్బు, కట్నం డబ్బు, బావమరిది వాటా, నూటికి రెండు రూపాయల వడ్డీ. అడ్వాన్సు కట్టి, పాత హోటల్‌వాడికి గుడ్‌విల్ ఇచ్చి మెస్ చేతిలోకి తీసుకునేసరికి ఇవన్నీ కలిసిపోయి ఉంటాయి.

ఉపాధ్య చెప్పింది డెల్టా సంగతి. సాగర్ కుడికాలువ నీళ్లు అందిన మేరకు దర్శిలో కొంత మాగాణి ఉంది గానీ ఈ ప్రాంతం స్వభావం మెట్టదే. మిగులు నిలకడగా ఉండదు. డెల్టా రైతు లాభం మళ్లించి హోటల్ పెడితే, మెట్ట రైతు నష్టం తప్పించుకోవడానికి పెడతాడు. బోర్డు చూసి ఈ తేడా పసిగట్టలేం. అప్పు చూస్తే తెలుస్తుంది. నెలకు నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. పీజీ కుర్రాళ్లకు కడుపునిండా పెట్టే మెస్ ఆ వడ్డీ తట్టుకోవాలంటే రెండే దారులు: ఇంట్లో ఆడవాళ్లు జీతం లేకుండా వండాలి, లేదా మాస్టర్ జీతం దగ్గర బిగించాలి.

వీసా చీల్చిన హోటల్

అమెరికాకు వెళితే చట్టం వాదానిదే పైచేయి. 2010-2017 మధ్య అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని సెన్సస్ బ్యూరో గణాంకాల విశ్లేషణ చెప్పింది. పెద్ద భాషల్లో ఏదీ అంత వేగంగా పెరగలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది హోటల్ పెట్టడానికి రాలేదు, సాఫ్ట్‌వేర్ పనికో చదువుకో వచ్చారు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న ఇంజనీరు తనను తెచ్చిన కంపెనీకే పనిచేయాలి. హోటల్లో వాటా కొనుక్కోవచ్చు గానీ గల్లా దగ్గర కూర్చోకూడదు. చాలా దేశాలవాళ్లకు దొరికే ఒప్పంద పెట్టుబడిదారు వీసా ఈ-2 మనకు లేదు, ఎందుకంటే భారత్‌కు అమెరికాతో ఆ ఒప్పందం లేదు. 2015 మే నుంచి, హెచ్-1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లలో కొందరికి పని అనుమతి వచ్చింది. ఇంటి పట్టున ఉండిపోయిన చదువుకున్న ఆడవాళ్లు సొంత పేరున వ్యాపారం పెట్టుకునే దారి అలా తెరుచుకుంది. విద్యార్థికి క్యాంపస్ లోపల, అదీ చదువుల కాలంలో వారానికి 20 గంటలే అనుమతి. బయట హోటల్లో గిన్నెలు కడిగితే అది చాటుపనే.

కాబట్టి హోటల్ నిలువునా చీలింది. పెట్టుబడి పెట్టినవాడు ఆఫీసులో, గ్రీన్ కార్డు ఉన్న భాగస్వామి గల్లా దగ్గర, దమ్ వేసే మాస్టర్ పొయ్యి దగ్గర, కాగితాలు సరిగా లేని కుర్రాడు వెనకగదిలో. మయామీలో పోర్టెస్ చూసిన నిచ్చెనకు, సప్లయర్ యజమాని అయ్యే నిచ్చెనకు, ఇక్కడ నడిమి మెట్లు లేవు. వెనకగదిలో కుర్రాడు రేపు హోటల్ యజమాని అయితే అది గిన్నెలు కడిగిన అనుభవంతో కాదు, చదువు పూర్తిచేసి ఉద్యోగం సంపాదించి, ఆ జీతంతో వాటా కొని. బ్రిటన్‌లో చట్టం ఇంకో చోట నొక్కింది. 2024 ఏప్రిల్‌లో నైపుణ్య వీసాకు కనీస జీతాన్ని 38,700 పౌండ్లకు పెంచడంతో బయటినుంచి వంటమాస్టర్‌ను తెచ్చుకోవడం చిన్న హోటళ్లకు మించిన భారమైంది.

ఇక్కడ 'పేట' అన్న మాట కూడా సడలుతుంది. షికాగో డెవాన్ ఎవెన్యూ, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు పాత అర్థంలో మనవాళ్ల బజార్లే. డాలస్ పక్క ఇర్వింగ్, ఫ్రిస్కోలలో మాత్రం బిర్యానీ హోటల్, కిరాణా దుకాణం, డాన్స్ స్కూలు ఒకే స్ట్రిప్ మాల్‌లో ఉంటాయి గానీ తినేవాడు అరగంట కారు నడిపి వస్తాడు. ఇలాంటి సంపన్న వలస శివార్లకు వెయ్ లీ 1998లోనే వేరే పేరు పెట్టింది. పేదరికం వల్ల ఇరుకున పుట్టిన పేటకూ, మంచి బడి చూసుకుని ఇల్లు కొనడంతో ఏర్పడిన శివారుకూ ఒకే సిద్ధాంతం అతకదు.

ఇంకా తేలనివి

తనవాళ్ల గిరాకీ కంచెలా కాపాడుతుందా అన్నది మొదటిది. 2020 మార్చి లాక్‌డౌన్ దీనికి చేదు పరీక్ష పెట్టింది. ఐటీ కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఊళ్లకు వెళ్లిపోగానే పీజీలు ఖాళీ అయ్యాయి, వాటిని నమ్ముకున్న మెస్‌లు మూతపడ్డాయి. అందరి గిరాకీ ఉన్న హోటళ్లు పార్శిళ్ల మీద ఈదుకొచ్చాయి. ఒకే రకం జనం మీద ఆధారపడటం మంచిరోజుల్లో కంచె, చెడ్డరోజుల్లో చెర. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక అక్కడి బిర్యానీ హోటళ్లకూ ఇదే పరీక్ష మొదలైంది. ఫలితం తేలడానికి కొన్నేళ్లు పడుతుంది.

రెండోది ఆప్‌లు. 2014లో బెంగళూరులోనే పుట్టిన స్విగ్గీ, దానికి పోటీ జొమాటో పేట హద్దును చెరిపేశాయని ఒక పక్షం అంటుంది. కోరమంగలలో కూర్చుని మారతహళ్లి గోంగూర మటన్ తెప్పించుకోవచ్చు. రెండో పక్షం కమిషన్ సంగతి ఎత్తుతుంది. హోటళ్ల సంఘం ఫిర్యాదు మీద 2022 ఏప్రిల్‌లో కాంపిటీషన్ కమిషన్ ఈ రెండు కంపెనీల మీద విచారణకు ఆదేశించింది. ఎంత తిన్నా ఒకే ధర అన్న మెస్ లెక్క పార్శిల్ డబ్బాలో ఇమడదన్నది మాత్రం ఇద్దరూ ఒప్పుకునేదే. మారు వడ్డన లేని ఆంధ్రా భోజనం ఇంకా ఆంధ్రా భోజనమేనా అంటే రుచి వాదులు కూడా తల గోక్కుంటారు.

మూడోది బోర్డు. బెంగళూరులో నామఫలకాల మీద 60 శాతం కన్నడం ఉండాలన్న ఆందోళన 2023 డిసెంబరులో చెలరేగి, మరుసటి ఏడాది చట్టసవరణగా మారింది. 'ఆంధ్రా స్టైల్' అన్న మాట కన్నడ లిపిలో రాస్తే గిరాకీ తగ్గిందన్న ఆధారం ఏమీ లేదు. లిపి మీద తగువాడేవాళ్లు కూడా మధ్యాహ్నం అదే అరిటాకు ముందు కూర్చుంటారు. బొనాసిచ్ చెప్పిన వైరం వంట దగ్గర ఎందుకు మెత్తబడుతుంది, అద్దెగదుల దగ్గర, ఉద్యోగాల దగ్గర ఎందుకు బిగుస్తుంది అన్నదానికి ఏ వాదం దగ్గరా సరైన జవాబు లేదు.

అన్నిటికంటే పెద్ద ఖాళీ మాస్టర్‌దే. యజమానికి రిజిస్ట్రేషన్ ఉంది, జీఎస్టీ నంబరు ఉంది, లైసెన్సు ఉంది. పరిశోధకుడు వెళ్లి అతన్ని పట్టుకోగలడు. దోశె మాస్టర్, టీ మాస్టర్, బిర్యానీ మాస్టర్ నోటిమాట మీద, చేతికిచ్చిన అడ్వాన్సు మీద ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కు మారిపోతుంటారు. చాలా చిన్న మెస్‌లలో అతనికి పీఎఫ్ ఉండదు, హాజరు పట్టీ కూడా ఉండదు. పైగా అతను ఇప్పుడు అన్నిచోట్లా తెలుగువాడే కావాలని లేదు. వంటగదుల్లో ఒడిశా, బెంగాల్, నేపాల్ కుర్రాళ్లు గోంగూర పచ్చడి నూరుతున్నారు. వాళ్లకు ఆ పేట తమవాళ్లది కాదు, ఆ వంట తమ ఇంటిది కాదు. తనవాళ్ల దగ్గర పని అన్న పోర్టెస్ లెక్కలో వాళ్లకు గడి లేదు, దానికి ఎదురు లెక్క తీసిన సాండర్స్, నీ పట్టికలోనూ లేదు. బోర్డు మీద ఒక ఊరు, గల్లా దగ్గర ఇంకో ఊరు, పొయ్యి దగ్గర మూడో ఊరు.

ఇప్పుడు దర్శి వైపు కూడా చూడాలి. పదేళ్ల కిందట ఇక్కడి వీధుల్లో అరుదైన నూడుల్స్ బండ్లు, చాట్ బండ్లు, రాజస్థానీ మిఠాయి దుకాణాలు ఇప్పుడు మన పక్క మండల కేంద్రాల్లోనూ కనపడుతున్నాయి. మనవాళ్లు బెంగళూరు వెళ్లిన దారిలోనే ఇంకెవరో ఇక్కడికి వచ్చారు. వాళ్ల పెట్టుబడి ఏ చేను అమ్మినదో, ఎవరు వేసిన చీటీయో అడిగి రాసుకున్నవాళ్లు ఇంకా లేరు.